పెట్ట గుడ్డుకొచ్చేదాకా

పల్నాటి కథ ఎవరు రాసినా, ఎవరు పాడినా కోడిపందెం దగ్గరికి వచ్చేసరికి గొంతు పెంచుతారు. 12వ శతాబ్దం చివర గురజాల నలగామరాజుకీ మాచర్ల మలిదేవరాజుకీ మధ్య దాయాదుల తగవు. అటు మంత్రి నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. పందెంలో ఓడిన మాచర్ల వాళ్లు ఏడేళ్లు రాజ్యం వదిలి పోయారు. గడువు తీరాక రాయబారానికి వెళ్లిన అలరాజుని విషం పెట్టి చంపారు. ఆ తర్వాత కారంపూడి యుద్ధం. ఇప్పటికీ ఏటా కార్తీక అమావాస్య నుంచి కారంపూడిలో అయిదు రోజులు వీరుల ఉత్సవాలు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. నాలుగో రోజు అచ్చంగా పుంజులది.

బ్రహ్మనాయుడి పుంజుకి చిట్టిమల్లు అనే పేరుంది. దాన్ని పెట్టిన పెట్టకి పేరు లేదు. ఆ పెట్టని ఏ పెరట్లో ఎవరు పెంచారో, ఆ గుడ్డు మీద ఎవరు పొదగేశారో, గద్ద తన్నుకుపోకుండా ఎవరు కాపలా కాశారో కథ చెప్పదు. పుంజు బరిలో నిలబడే సమయం కొన్ని నిమిషాలు. అది బరిలోకి రావటానికి ముందు ఇరవై ఒక్క రోజుల పొదుగూ, ఏడాదికి పైగా సాకుడూ ఉంటాయి. అంతకు ముందు తల్లిపెట్ట గుడ్డుకొచ్చేదాకా ఎదురుచూసిన ఆరేడు నెలలున్నాయి. ఈ లెక్క పందెంరాయుళ్లకి తెలియక కాదు. జాతికోళ్లు పెంచేవాళ్లు పుంజునైనా అమ్ముతారుగానీ మంచి పెట్టని గడప దాటనివ్వరు. డేగ, కాకి, నెమలి, సవల అని పుంజు రంగుని బట్టి గెలుపోటములు లెక్కగట్టే కుక్కుటశాస్త్రం ఒకటుంది. పెట్ట గురించి అంత వివరంగా చెప్పే శాస్త్రం ఏ ఇంట్లోనూ పుస్తకంగా కనబడలేదు నాకు. అది ఆడవాళ్ల వేళ్ల కొసల్లో ఉంది. ఆ సంగతికే వస్తాను, కానీ ముందు నాగమ్మ దగ్గర కొంచెం ఆగాలి.

మంత్రిగా రాజ్యం నడిపిన ఆడమనిషి నాగమ్మ. ఆమెను గురించి మనకి మిగిలింది ఎక్కువగా ఓడిన పక్షం వీరుల్ని కొలిచే సంప్రదాయం నుంచి వచ్చిందే. అందులో ఆమె మాయలాడి, పందెంలో మోసం చేసిన మనిషి, తగవుకి మూలం. 1947 నాటి సినిమాలో కన్నాంబ, 1966 నాటి సినిమాలో భానుమతి ఆ పాత్రకి ఎంత ఠీవి తెచ్చినా చివరికి నింద నిందగానే ఉండిపోయింది. నలగాముడు రాజు, నిర్ణయం అతనిది, సైన్యం అతనిది. అయినా "ఆడదాని మాట విని" అన్నది ఒక్కటే జనం నోట నానింది.

ఈ నిందకి మన పెరట్లో ఒక పోలిక సిద్ధంగా ఉంది. పెట్ట కూస్తే ఇంటికి అరిష్టం. కూసిన పెట్టని ఆ పూటే కోసేస్తారు. అదేదో మన పల్లెటూరి మూఢత్వం అనుకోనక్కర్లేదు. చైనావాళ్ల ప్రాచీన గ్రంథం షూజింగ్‌లో ఝౌ వంశపు రాజు వూ, షాంగ్ రాజు మీద యుద్ధానికి బయల్దేరుతూ చేసిన ప్రసంగం ఉంది. అతని మొదటి ఆరోపణే ఇది: ఆ రాజు ఆడదాని మాట వింటున్నాడు, పెట్ట కూసిన ఇల్లు నాశనమవుతుంది అని. ఆ తర్వాత వందల ఏళ్లపాటు అధికారంలోకి వచ్చిన ప్రతి చైనా స్త్రీ మీదా ఆ మాటే రువ్వారు. గురజాలకీ అక్కడికీ ఎంత దూరం!

నిజానికి పెట్ట కూయటానికి కారణం శరీరంలో ఉంది. కోడిపెట్టకి సాధారణంగా ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. జబ్బుతో అది చెడిపోతే, అప్పటిదాకా ఎదగకుండా ఉండిపోయిన కుడివైపు గ్రంథి పెరగటం మొదలవుతుంది. తురాయి పెద్దదవుతుంది, గొంతు మారుతుంది, కూత వస్తుంది. అంటే కూసే పెట్ట ఇక గుడ్డు పెట్టని పెట్ట. ఇంట్లోవాళ్లకి దాని శరీరంలో జరిగింది తెలియకపోయినా, ఆ పెట్టకి మేత దండగని మాత్రం తెలుసు. అరిష్టం అనే మాట వెనక ఈ లెక్క కూడా ఉంది. గుడ్డు పెట్టినంతసేపే పెట్ట పెట్ట. సంప్రదాయం చెప్పేదాన్ని బట్టి నాగమ్మ చిన్నప్పుడే భర్తని పోగొట్టుకుంది, బిడ్డల్లేరు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఆమె మీద ఆ కథకి అంత కసి ఎందుకో కొంత అర్థమవుతుంది.

ఇంకో సంగతి. వినుకొండ వల్లభరాయుడి పేర ఉన్న క్రీడాభిరామంలో ఓరుగల్లు వీధుల్లో కోడిపందెం వర్ణన ఉంది. అదే కావ్యంలో పల్నాటి వీరుల కథని ద్విపదలో, వాద్యంతో, వింటున్న కుర్రవాళ్లు ఊగిపోయేలా పాడే గాయని ఒకామె ఉంది. అవును, ఆడమనిషి. ఆమెకీ పేరు లేదు. 15వ శతాబ్దంలో శ్రీనాథుడు ఈ కథనే ద్విపదగా రాశాడు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం దాన్ని పరిష్కరించి అచ్చువేశారు. 1974లో జీన్ రోఘేర్ అనే అమెరికన్ పరిశోధకుడు అలిసెట్టి గాలెయ్య అనే మాల విద్యావంతుడు పాడిన కథని రికార్డు చేసుకుని, 1982లో ఇంగ్లీషులో పుస్తకం తెచ్చాడు. ఇంత దూరం వచ్చేసరికి పాడే స్త్రీ జారిపోయింది. ఎప్పుడు, ఎందుకు జారిపోయిందన్నది ఎవరైనా పట్టించుకుని చేయాల్సిన పని.

కథలో లేనివి కనీసం సర్కారు కాగితాల్లో దొరుకుతాయేమో అనుకుంటాం. పన్ను వేసినదానికే కాగితం పుడుతుంది. పల్నాటిలో 1921-22లో జరిగిన పుల్లరి సత్యాగ్రహం గురించి మనకి చాలా తెలుసు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు పోలీసు కాల్పుల్లో ప్రాణం ఇచ్చాడు. పుల్లరి అడవిలో మేసే పశువుల మీద. ఆవుకి, ఎద్దుకి, మేకకి లెక్కుంది, రేటుంది, రసీదుంది. కోడి అడవికి పోదు. పెంటకుప్ప మీద, గడ్డివాము కింద, పెరట్లో మేస్తుంది. దాని మీద పుల్లరి లేదు కనుక దానికి చరిత్ర కూడా లేదు. ఊళ్లోకి వచ్చిన ప్రతి చిన్న అధికారికీ కోడి కూర వండిపెట్టటం తెలుగునేల మీద ఎక్కడైనా ఉన్నదే. కానీ ఆ కోడి ఎవరి గంప కిందనుంచి తీసుకుపోయిందో ఏ కాగితం మీదా ఎక్కలేదు.

ఎదురుచూపుని మన సాహిత్యం పట్టించుకోలేదని అనలేం. అలంకారశాస్త్రం దానికోసం వరసలు కట్టింది. పడక సిద్ధం చేసుకుని చూసేది వాసకసజ్జిక, రానివాడి కోసం బెంగపడేది విరహోత్కంఠిత, దేశాంతరం పోయినవాడి కోసం చూసేది ప్రోషితభర్తృక. అష్టవిధ నాయికల్లో సగంమంది ఎదురుచూస్తూనే ఉంటారు, అందరూ మగవాడి కోసమే. పల్నాటి కథలో ఐతాంబ కొడుకు కోసం చూసింది, మాంచాల మొగుడి కోసం చూసింది, పేరిందేవి అలరాజు శవం దగ్గరికి చేరింది. ఆడవాళ్లు నిజంగా తమ బతుకులో ఎక్కువ కాలం దేనికోసం ఎదురుచూశారని అడిగితే వాన, రేషను, ఆవు ఈనటం, పెట్ట గుడ్డుకి రావటం అని చెప్తారు. ఈ ఎదురుచూపుకి రసం లేదు. తెలివి ఉంది, పని ఉంది.

మా అమ్మమ్మ ఊరు గురజాలకి నాలుగు కోసుల లోపు. ఆమె పెంచినవి పదీ పన్నెండు నాటుకోళ్లు. ఉగాది ముందర పిల్లలైనవి దసరాకి పెట్టలు, పుంజులు అని తేలిపోయేవి. అప్పటినుంచీ ఆమె చూపు మారేది. పుంజుల్ని మగవాళ్లు చూసుకునేవాళ్లు. ఏది సంక్రాంతికి, ఏది పోలేరమ్మకి, ఏది అల్లుడొస్తే కూరకి అని. పెట్టల్ని ఆమె చూసేది. తలమీది తురాయి పాలిపోయిన రంగు నుంచి ఎర్రబారిందా? పుంజు దగ్గరికొస్తే పారిపోకుండా రెక్కలు కొంచెం విప్పి కుదురుగా వంగుతోందా? ఊరికే ఊరికే గుణుస్తూ ఇంటి మూలల్లోకి, గాదె కిందికి, మంచం కిందికి దూరి వస్తోందా? ఆ దూరటాన్ని "చోటు వెతుక్కుంటోంది" అనేది. అప్పుడు పెట్టని చంకన పెట్టుకుని వెనక ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూసేది. ఒక వేలి సందు ఉంటే ఇంకా నెలా రెండు నెలలు. రెండు వేళ్లు సులువుగా పట్టి, ఎముక కొసలు మెత్తగా విడివడి ఉంటే ఈ పక్షంలోనే. ఇప్పుడు పశువైద్యం పుస్తకాల్లో కూడా ఈ పరీక్షే ఉంటుంది, బొమ్మలతో సహా.

తర్వాత గూడు. పాత తట్టలో వరిగడ్డి పరిచి, మూలన చీకటిలో పెట్టేది. అందులో అప్పటికే పెట్టే కోడి గుడ్డు ఒకటి ఉంచేది, కొత్తపెట్ట చూసి అక్కడే పెట్టాలని. లేకపోతే దొంగచాటుగా గడ్డివాములోనో పక్కవాళ్ల కంచెలోనో పెట్టేస్తుంది. అప్పుడు గుడ్డు ఎవరిదన్న తగాదా. పల్నాటి యుద్ధం కంటే తక్కువ తగాదా కాదు అది, రెండు వాడల ఆడవాళ్లు నెల రోజులు మాట్లాడుకోకపోవటం నేను చూశాను.

"ఇవ్వాళ పెడతదా అమ్మమ్మా?" అని నేను రోజూ అడిగేదాన్ని. "ఏమ్మే, నీ తొందరకి దానికి లోపల పెంకు కడతదా?" అనేది. ఆ మాటలో ఉన్న శాస్త్రం చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఒక గుడ్డు పెట్ట లోపల తయారవటానికి ఒక రోజు పైన పడుతుంది. అందులో ఇరవై గంటలదాకా పెంకుకే. ఆ సున్నం మేతలో చాలకపోతే పెట్ట తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది. గుడ్డుకొచ్చే ముందే ఎముకల లోపల అందుకోసం విడిగా కొంత సున్నం దాచుకుంటుంది. ఎదురుచూసే రోజుల్లో పెట్టకి పగిలిన గుడ్డుపెంకులు నలిపి, జొన్న నూకల్లో కలిపి వేసేది మా అమ్మమ్మ. నూకలు అంటే చాటలోంచి జారినవి కావు. మా ఇంట్లో జొన్నే అన్నం. శ్రీనాథుడి పేర తిరిగే చాటువులు వెక్కిరించిన ఆ జొన్నకూడే. అందులోంచి గుప్పెడు పెట్టకి పోతే, ఆ గుప్పెడు ఆమె కంచంలోంచే పోయేది.

రెంటచింతల ఎండల సంగతి మీకు తెలుసు. రేడియోలో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ వేడి అని చెప్పే పేరు అదే. ఆ ఎండకి కోళ్లు నోళ్లు తెరుచుకుని రొప్పుతాయి, మేత మానేస్తాయి, గుడ్డు ఆపేస్తాయి. ఎండతోపాటు కొక్కెర తెగులు వచ్చిందంటే ఊరు ఊరంతా గంపలు ఖాళీ. దేశంలో 1927లో రాణీఖేత్‌లో గుర్తించారు కనుక పుస్తకాల్లో దానికి ఆ కొండ ఊరి పేరు స్థిరపడింది. టీకా వచ్చి దశాబ్దాలు దాటినా, దాన్ని చల్లగా ఉంచాలి కనుక కరెంటు లేని ఊళ్లకి చేరేది కాదు.

1974 వేసవిలో మా అమ్మమ్మ కోళ్లన్నీ అట్లాగే పోయాయి. ఆ ఏడు ఉగాదికి పుట్టిన మూడు పెట్టపిల్లలు మాత్రం మిగిలాయి. మా చిన్నపిన్ని పదో తరగతిలోకి వచ్చింది. మా తాతయ్య ఆడపిల్ల చదువుకి అడ్డం చెప్పే మనిషి కాదు, అలాగని డబ్బు ఇచ్చే మనిషీ కాదు. బడి పలకా పుస్తకం ఫీజూ అన్నీ గుడ్ల డబ్బుల్లోంచే నడిచేవి. పరీక్ష ఫీజు గడువు దగ్గరపడుతోంది, మూడు పెట్టలూ ఏడో నెలలో ఉన్నాయి. ఒక దానికి రెండు వేళ్లు పట్టాయి. మిగతా రెండిటికీ పట్టలేదు. పిన్ని రోజూ బడికి పోయే ముందు తట్టలోకి తొంగిచూసి, ఏమీ అనకుండా పోయేది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. నాకప్పుడు ఏడేళ్లు, ఇంట్లో ఏదో బరువుగా ఉందని మాత్రం తెలిసేది.

దీపావళి దాటాక నల్లపెట్ట పెట్టింది. చిన్న గుడ్డు, పెంకు మీద నెత్తుటి గీత. తొలి గుడ్డు అలాగే ఉంటుంది. దాన్ని అమ్మమ్మ అమ్మలేదు, వండలేదు, గూట్లోనే ఉంచింది మిగతావాటికి దారి చూపటానికి. ఒక్క పెట్టతో ఫీజు కట్టటం అయ్యే పని కాదు. గడువుకి రెండు రోజుల ముందు పక్కవీధి దూదేకుల ఆమె దగ్గరికి వెళ్లింది. "వదినా, ముప్పై గుడ్ల డబ్బు ఇయ్యి. సంక్రాంతికి గుడ్లే ఇస్తా" అంది. ఆమె చిన్న గల్లాపెట్టె అంగడి పెట్టుకుని, ఊళ్లో గుడ్లు పోగుచేసి మాచర్ల రైల్లో పంపేది. వచ్చి పెట్టల్ని చూసింది. తనూ వేళ్లు పెట్టి చూసింది. ఇచ్చింది. కాగితం లేదు, పూచీ లేదు, వడ్డీ లేదు. ఇంకా పుట్టని గుడ్ల మీద అప్పు. పత్తి ముందస్తు వ్యాపారం గురించి చదివినప్పుడల్లా నాకు ఆ రెండు చేతులు గుర్తొస్తాయి.

బాకీ సంక్రాంతికి నాలుగు గుడ్లు తక్కువ తీరింది. "ఆ నాలుగూ పొదిగే కోడి కింద పెట్టి పిల్లలైతే ఒకటి నాకియ్యి" అందట ఆమె. పిన్ని ఆ ఏడాది లెక్కల్లో తప్పింది. మళ్లీ ఫీజు. కానీ అప్పటికి మూడు పెట్టలూ పెడుతున్నాయి కనుక ఎవర్నీ అడగాల్సిన అవసరం రాలేదు. తర్వాత నర్సు ట్రైనింగుకి పోయి, ఉద్యోగం చేసి రిటైరయింది.

ఈ డబ్బుని ఏమనాలి? ఇంట్లోవాళ్లు "గుడ్ల డబ్బులు" అని తేలిగ్గా అనేవాళ్లు, చిల్లర అన్నట్టు. మరియా మీజ్ 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద రాసిన పుస్తకం చాలామంది చదివే ఉంటారు. (మా నరసరావుపేట కాదు, గోదావరి నరసాపురం.) ఎగుమతి సరుకు తయారుచేసే స్త్రీల శ్రమని ఇంట్లో తీరిక వేళల పనిగా చూపించి ఎట్లా కనబడకుండా చేశారో ఆమె విప్పి చెప్పింది. కోళ్ల పెంపకం దానికి అక్క వంటిది. పొద్దున గంప ఎత్తటం, రాత్రి లెక్కపెట్టి గంప మూయటం, దీపం ఎదురుగా గుడ్డు పట్టి మురిగిందో జీవం పట్టిందో చూడటం, పొదిగే పెట్టకి మేత అందించటం, గద్దని తోలటం, ఇవేవీ పని కింద లెక్కకి రావు. ఎందుకంటే వీటిల్లో ఎక్కువ భాగం కనిపెట్టుకుని ఉండటం. కనిపెట్టుకుని ఉండటం పని కాదని మగవాళ్లు అనుకుంటారు. చేలో మంచె మీద కూచుని పిట్టలు తోలే మగవాడికి మాత్రం కూలి ఉంది.

అయినా ఆ డబ్బు ఆమెది. ఇది చిన్న విషయం కాదు. మన రాష్ట్రంలో హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది 1985 సెప్టెంబరు 5 నుంచి. అంతకు ముందు మా అమ్మమ్మకి సెంటు భూమి మీద హక్కు లేదు, గేదె మీద లేదు. పెట్టల మీద ఉంది. కూతురు కాపురానికి వెళ్తుంటే ఒక పెట్టని పంపేది, అది ఎవర్నీ అడగకుండా. చేతిలో ఏమీ లేని ఆడమనిషికి పెట్టని సగపాలుకి ఇచ్చేవాళ్లు. ఆమె పెంచుతుంది, పొదిగిస్తుంది, పిల్లలు చెరిసగం. తూర్పుగోదావరి ఏజెన్సీలో ఆదివాసీ స్త్రీల మధ్య ఇదే ఏర్పాటుకి వాటా అని పేరు. స్త్రీ పశువైద్యులు మొదలుపెట్టిన ఆంత్ర సంస్థ అసీల్ కోళ్ల మీద పనిచేస్తూ దాన్ని నమోదు చేసి, మళ్లీ పుంజుకునేలా చేసింది. ఇట్లాంటి నమోదు పల్నాటికి కూడా ఉంటే బాగుండును.

హక్కుకి హద్దు కూడా ఉంది, దాన్ని దాచకూడదు. పెట్ట ఆమెది, పుంజు మాత్రం పెద్దదయ్యేసరికి మగవాళ్లది అయిపోతుంది. మా తాతయ్య సంక్రాంతికి చంకన పెట్టుకుపోయిన పుంజులేవీ తిరిగి రాలేదు. పెట్టి పెంచిన మనిషిని ఒక్కసారి కూడా అడగలేదు. ఇక కులం. అగ్రహారంలో, కోమటి ఇళ్లలో కోళ్లు లేవు. రైతుల ఇళ్లలో ఉన్నాయి. మాల, మాదిగ పల్లెల్లో, దూదేకుల ఇళ్లలో అవి పెరటి ముచ్చట కాదు, బతుకుతెరువు. మా ఇంట్లో తెగులొస్తే పిన్ని ఫీజు ఆగుతుంది, పల్లెలో తెగులొస్తే పూట ఆగుతుంది. పెరటికోళ్ల గురించి ఈమధ్య పత్రికల్లో వచ్చే తీపి జ్ఞాపకాల్లో ఈ తేడా కనబడదు.

నాగార్జునసాగర్ కుడికాలువకి 1967లో నీళ్లు వదిలాక పల్నాడు మారుతూ వచ్చింది. జొన్న పోయి వరి, పత్తి, మిరప వచ్చాయి. జొన్నతో పాటు కళ్లంలో రాలిన గింజ పోయింది. పత్తి, మిరపలతో మందు వచ్చింది. మందు కొట్టిన చేలో పురుగు తిన్న కోడి అక్కడే పడిపోయేది. కోడిని కట్టేయాలి, లేదా మానుకోవాలి. చాలామంది మానుకున్నారు. నిర్ణయం ఎవరూ తీసుకున్నట్టు కనబడదు. గంపలు అటకెక్కాయి, అంతే.

అదే కాలంలో గుడ్డు మరో చోట పెద్ద వ్యాపారమైంది. అమెరికాలో ఆ కథ ఒక స్త్రీ దగ్గరే మొదలైందంటారు. 1923లో డెలావేర్‌లో సిసిల్ స్టీల్ అనే రైతు ఇల్లాలు గుడ్ల కోసం యాభై పిల్లల్ని అడిగితే పొరపాటున అయిదు వందలు వచ్చాయి. ఆమె వాటిని మాంసం కోసం పెంచి అమ్మింది. లాభం చూసి భర్త ఉద్యోగం మానేసి అందులో చేరాడు. అంతకు ముందు అక్కడా గుడ్ల డబ్బు ఇల్లాలి సొంతం. షెడ్లు పెద్దవయ్యేకొద్దీ అది కంపెనీల చేతికి పోయింది. మన దగ్గర బి.వి. రావు 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించారు, 1982లో రైతుల గుడ్ల ధర నిలబెట్టటానికి జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ వచ్చింది. దళారీల నుంచి ఆ కమిటీ రైతులకి ఇచ్చిన రక్షణని తక్కువ చేయలేం. కానీ ఆ రైతు మగవాడు, ఆ కోళ్లు వేలల్లో. షెడ్డులో పెట్ట ఎప్పుడు గుడ్డుకొస్తుందని ఎవరూ అడగరు. మేతా, టీకా, రోజుకి పదహారు గంటల దీపం, అంతా కొలిచి పెడతారు. అయిదో నెల నిండకుండానే మొదలుపెట్టి ఏడాదిలో మూడు వందలు దాటి పెడుతుంది. మా నల్లపెట్ట అయిదారు పదులు పెట్టి ఉంటే గొప్ప. పొదగటం మాత్రం షెడ్డు పెట్టకి తెలియదు. ఏళ్ల తరబడి ఏరి ఏరి ఆ గుణాన్ని తీసేశారు, ఎందుకంటే పొదిగే రోజులు గుడ్డు రాని రోజులు.

ఇప్పుడు బళ్లలో పిల్లలకి గుడ్డు అందుతోంది. మన రాష్ట్రంలో వారానికి అయిదు అన్నారు. ఇది మంచిదే, ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను. పిన్ని తరం ఆడపిల్లలు పొద్దున గుడ్డు తీసి అమ్మకానికి పెట్టి, తాము తినకుండా బడికి పోయినవాళ్లు. నేనడిగేది అది కాదు. ఆ గుడ్లు కాంట్రాక్టు మీద ట్రేల్లో వస్తాయి. అదే ఊళ్లో పెట్టలు పెంచే ఆడవాళ్ల దగ్గర కొన్నైనా కొనే దారి ఎవరైనా ఆలోచించారా?

పెరటికోడి పోయిందని అనుకున్నాం కానీ 2019 పశుగణన చూస్తే పోలేదు. దేశంలో కోళ్లూ బాతులూ వగైరా 85 కోట్లు, అందులో పెరట్లో పెరిగేవి దాదాపు 31 కోట్ల 70 లక్షలు. 2012 కంటే సుమారు 46 శాతం ఎక్కువ. దీనికి కొంత కారణం హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు. పెరట్లో తిరగగలవు, నాటుపెట్ట కంటే ఎక్కువ గుడ్లు పెడతాయి. పొదుపు సంఘాల ద్వారా పిల్లల్ని పంచారు. భయాలూ మిగిలే ఉన్నాయి. 2025లో నరసరావుపేటకి చెందిన ఒక పసిబిడ్డ బర్డ్ ఫ్లూతో పోయిందన్న వార్త వచ్చినప్పుడు ఎంతమంది ఆడవాళ్లు తమ కోళ్లని అయినకాడికి తెగనమ్ముకున్నారో లెక్క ఉండదు.

ఆ తర్వాతి కార్తీకంలో దుర్గి దగ్గర ఒక ఊరికి వెళ్లాను. సంఘంలో పది గ్రామప్రియ పిల్లల్ని తీసుకున్న ఆమెకి ఆరు మిగిలాయి, అందులో నాలుగు పెట్టలు. ఆరో నెల. తట్ట, గడ్డి, మూలన చీకటి, అన్నీ అవే. నేను అడగకుండానే ఒక పెట్టని చంకన పెట్టి వేళ్లతో చూసి చూపించింది. ఇవి కూచోవట గదా, మళ్లీ పిల్లలకి ఆఫీసుకే పోవాలా అని అడిగాను. నవ్వింది. "ఇవి కూచోకపోతే ఏమండీ, మా తోటికోడలి నాటుపెట్ట కూచుంటది. దానికింద పెడతా తొమ్మిది గుడ్లు. కూచోబెట్టినందుకు ఆమెకి రెండు పిల్లలు" అంది. రెండు ఎందుకు, సగం కాదా అని అడిగితే, గుడ్లూ మేతా నావి, పెట్ట ఆమెది, ఇరవై ఒక్క రోజులు దాని గుడ్డు పోద్ది గదా ఆమెకి, దానికి లెక్క రెండు అని వివరంగా చెప్పింది. పుంజు పిల్లలా, పెట్ట పిల్లలా అన్న బేరం మాత్రం వాళ్లిద్దరి మధ్య ఇంకా తెగలేదట.